సెమిస్టర్ టికెట్ జేబులో పెట్టుకుని గదిలో కూర్చోకండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పత్రికలో వచ్చే విదేశీ విద్య పేజీని నేను ఇంజినీరింగ్ చదివే రోజుల నుంచి చూస్తున్నాను, ఇప్పుడు జర్మనీలో ఎంఎస్ చేస్తూ ఫోన్‌లో చదువుతున్నాను. ఏ దేశంలో ఏ కోర్సు బాగుంటుంది, ఐఈఎల్‌టీఎస్‌లో ఎంత స్కోరు రావాలి, వీసా కోసం ముందే డబ్బు వేసి చూపించే బ్లాక్డ్ అకౌంట్‌లో ఎంత వేయాలి, వీసా స్లాట్ కోసం ఏం చేయాలి, చదువయ్యాక జీతాలు ఎలా ఉంటాయి, ఇవన్నీ బాగా రాస్తారు, నాకు చాలా పనికొచ్చాయి కూడా. కానీ విమానం ఎక్కి వెళ్లిన పిల్లలు ఆ రెండేళ్లూ అక్కడ ఎలా బతకాలి, ఆ దేశాన్ని చూడాలా వద్దా, చూడాలంటే తక్కువ డబ్బుతో ఎలా చూడాలి అనే సంగతి ఆ పేజీలో నేనెప్పుడూ చదవలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది, వీలైతే కత్తిరించకుండా వేయండి.

నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. చదువుకోడానికి వెళ్లిన దేశంలో నాలుగు ఊళ్లు తిరగడం, అంతకుముందు ఎప్పుడూ చేయని పనులు చేసి చూడటం చదువులో భాగంగానే లెక్కేయండి, దయచేసి దాన్ని జల్సా ఖాతాలో రాయకండి. ఈ మాట పిల్లలకన్నా ముందు అమ్మానాన్నలకు చెప్పాలి.

మాది పల్నాడు జిల్లా. మా ఇంట్లోనే కాదు, ఇక్కడ నాతో చదివే తెలుగు పిల్లలందరి ఇళ్లలోనూ వినపడే మాట ఒకటుంది: "అంత అప్పు చేసి పంపింది చదువుకోడానికా, తిరగడానికా?" ఆ మాట వెనకున్న బాధ నాకు తెలుసు. పొలం కాగితాలు బ్యాంకులో పెట్టి, అదీ చాలక బయట వడ్డీకి తెచ్చి పంపిన తండ్రికి, కూతురు కొండ మీద నిలబడి నవ్వుతున్న ఫోటో కనిపిస్తే మనసులో కలుక్కుమంటుంది, పైగా ఆ ఫోటో ఆయనకంటే ముందు బంధువులు చూసి "మీ అమ్మాయి బాగానే ఎంజాయ్ చేస్తోందిగా" అని అడుగుతారు. దాంతో ఏమవుతోందంటే పిల్లలు వెళ్లినా ఇంట్లో చెప్పడం మానేస్తున్నారు. వాట్సాప్ స్టేటస్ పెట్టే ముందు అమ్మను, పెద్దనాన్నను, మేనమామను కనపడకుండా తీసేసి పెడుతున్నారు. ఎక్కడికెళ్లిందీ ఇంట్లో తెలియకపోవడం, వెళ్లడం కంటే ఎక్కువ ప్రమాదం కదా? ఇంకొందరు ఈ గొడవంతా ఎందుకని వెళ్లడమే మానేస్తారు. గది, క్లాసు, ఇండియన్ స్టోర్, పార్ట్‌టైమ్ చేసే గోడౌన్, ఈ నాలుగింటి మధ్యే రెండేళ్లు గడిపేసి థీసిస్ ఇచ్చి వెళ్లిపోయిన వాళ్లను నేను చూశాను. మంచి పిల్లలు, మార్కులు కూడా బాగానే తెచ్చుకున్నారు. కానీ పక్క స్టేషన్‌లో ఏముందో వాళ్లకు తెలియదు.

డబ్బు సంగతి ముందే మాట్లాడుకుందాం, ఎందుకంటే అసలు గొడవ అక్కడే. జర్మనీ వీసా కోసం 2024 సెప్టెంబర్ నుంచి ఏడాదికి 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో చూపించాలి, ఇక్కడికొచ్చాక అందులోంచి నెలకు 992 యూరోలు మాత్రమే చేతికొస్తాయి. అద్దె, ఆరోగ్య బీమా, తిండి, ఫోన్ పోగా మిగిలేది పెద్దగా ఉండదు. ఇది నిజం. కానీ ఇంకో నిజం కూడా ఉంది, అది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. 2023 మే నెలలో ఇక్కడ డాయిచ్‌లాండ్ టికెట్ అని ఒకటి పెట్టారు, నెలకు 49 యూరోలు కడితే దేశం మొత్తం ప్యాసింజర్ రైళ్లు, సిటీ బస్సులు, ట్రాములు, మెట్రోలు ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. 2025లో అది 58 అయింది, 2026 జనవరి నుంచి 63. విద్యార్థులకు అందులో 60 శాతమే, అంటే 2024 వేసవి సెమిస్టర్‌లో మొదలైనప్పుడు నెలకు 29 యూరోల 40 సెంట్లు పడింది. ఇందులో చేరిన యూనివర్సిటీలు ఆ డబ్బును సెమిస్టర్ ఫీజులోనే కలిపి వసూలు చేస్తాయి, అందుకే దీన్ని సెమిస్టర్ టికెట్ అంటాం. మీరు రైలు ఎక్కినా, ఎక్కకుండా గదిలో పడుకున్నా ఆ డబ్బు కట్టాల్సిందే. అంటే మీ అబ్బాయి తిరిగే ఖర్చులో పెద్ద భాగం మీరు ఆరు నెలల ముందే కట్టేశారు. ఇక ఇక్కడ ఆదివారం సూపర్ మార్కెట్లు, షాపులు దాదాపు అన్నీ మూసేస్తారు, కూరగాయలు కొనాలన్నా శనివారమే కొనుక్కోవాలి. ఆదివారం పొద్దున ఒక డబ్బాలో పులిహోర పెట్టుకుని, సీసాలో నీళ్లు నింపుకుని బయల్దేరితే రాత్రికి గదికొచ్చేయొచ్చు. మధ్యలో ఏదైనా మ్యూజియంలోకి వెళ్తే విద్యార్థి కార్డుకు తగ్గింపు ఉంటుంది.

ఒక జాగ్రత్త, కొత్తగా వచ్చే వాళ్లు చదువుతుంటారని రాస్తున్నాను. ఈ టికెట్‌తో ఆర్‌ఈ, ఆర్‌బీ, ఎస్-బాన్ అని రాసి ఉన్న రైళ్లే ఎక్కాలి. ఐసీఈ, ఐసీ అనేవి దూరప్రాంతాల వేగం రైళ్లు, వాటికి వేరే టికెట్. టికెట్ లేకుండా దొరికితే 60 యూరోలు కట్టమంటారు, "నాకు తెలియదండీ" అంటే వినరు.

ఇప్పుడు తిరిగితే ఏమొస్తుంది అనే ప్రశ్నకు వస్తాను. దీనికి నేను ప్యారిస్ గురించో స్విట్జర్లాండ్ గురించో రాయను, వాటి ఫోటోలు అందరూ చూసే ఉంటారు. నేనుండేది తూర్పు జర్మనీలోని సాక్సనీ రాష్ట్రం, ఆదివారం వెళ్లి రాత్రికి తిరిగొచ్చే దూరంలో ఉన్నవే చెప్తాను.

డ్రెస్డెన్‌లో పాత రాజుల కోట ఉంది, దాన్ని ఇప్పుడు మ్యూజియం చేశారు. అందులో గ్రీన్ వాల్ట్ అనే నగల విభాగం ఉంది. పై అంతస్తులో ఉన్న కొత్త గ్రీన్ వాల్ట్‌లో ఒక చీకటి గదిలో, గాజు పెట్టెలో, టోపీకి పెట్టుకునే ఆభరణం ఒకటి ఉంటుంది. దాని మధ్యలో బాదం గింజ ఆకారంలో 41 క్యారెట్ల వజ్రం. రంగు లేత ఆకుపచ్చ. భూమిలో ఉండగా సహజంగా తగిలిన రేడియేషన్ వల్ల ఆ రంగు వచ్చిందని చెప్తారు. చుట్టూ చిన్న తెల్ల వజ్రాలు మెరుస్తుంటాయి కానీ దీని మెరుపు వేరు, నీళ్లలోంచి చూస్తున్నట్టు ఉంటుంది. పేరు డ్రెస్డెన్ గ్రీన్. 1740ల మొదట్లో సాక్సనీ పాలకుడు దాన్ని కొన్నాడు, ఆయన పోలండ్‌కు కూడా రాజు. మరి ఆ వజ్రం ఎక్కడిదనుకున్నారు? కొల్లూరు గనిదేనని చరిత్రకారులు భావిస్తారు. మా కొల్లూరు. పల్నాడులో, బెల్లంకొండ దగ్గర, కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు. కోహినూర్ కూడా అక్కడే దొరికిందని అంటారు. 17వ శతాబ్దంలో తావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి అక్కడికి వచ్చి, 60 వేల మంది పని చేస్తున్నారని రాసుకున్నాడు. ఇప్పుడు ఆ ఊరు పులిచింతల ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోయింది. నేను పుట్టి పెరిగిన జిల్లా మట్టిలోంచి వచ్చిన రాయిని చూడటానికి నేను జర్మనీ దాకా రావాల్సి వచ్చింది, కానీ వచ్చాక కూడా గదిలోనే కూర్చుని ఉంటే చూసేదాన్ని కాదు. మాకు బళ్లో కోహినూర్ గురించి ఒక వాక్యం చెప్పారు, కొల్లూరు మా పక్కనే ఉందని ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆ గాజు పెట్టె ముందు నుంచే మా నాన్నకు వీడియో కాల్ చేద్దామనుకున్నాను, లోపల మాట్లాడకూడదేమోనని బయటికొచ్చి చేశాను. ఆయన పావుగంట సేపు పులిచింతల ముంపు గ్రామాల గురించి చెప్పాడు, ఎవరెవరు ఎక్కడికి వెళ్లి ఇళ్లు కట్టుకున్నారో చెప్పాడు. ఆ రోజు "తిరుగుతున్నావా" అని అడగలేదు.

అదే విభాగంలో ఇంకొకటి తప్పకుండా చూడాలి. ఔరంగజేబు పుట్టినరోజు దర్బారును బంగారం, వెండి, ఎనామెల్‌తో బొమ్మల కొలువు చేశారు. డింగ్లింగర్ అనే నగల పనివాడు 1701 నుంచి 1708 వరకు దాని మీద పని చేశాడు, ఆయన ఇండియా ఎప్పుడూ చూడలేదు, యాత్రికులు రాసిన పుస్తకాలు చదివి చేశాడు. వందకు పైగా మనుషుల, జంతువుల బొమ్మలున్నాయి, వేల వజ్రాలు పొదిగారు. ఔరంగజేబు 1687లో గోల్కొండను ఎలా పట్టుకున్నాడో మనం చిన్నప్పటి నుంచి వింటాం. ఆ గోల్కొండ వజ్రాల పేరు ఇంత దూరం ఎలా పాకిందో, ఇక్కడి రాజు మన వైపు సంపద మీద ఎంత ఆశపడ్డాడో ఆ బొమ్మల ముందు నిలబడితే అర్థమవుతుంది. ఆ కొలువు పూర్తయ్యేనాటికి ఔరంగజేబు పోయాడు కూడా. ఇంకో మాట, ఆ కోట మంగళవారం మూసేస్తారు, చూసుకుని వెళ్లండి.

కోట నుంచి నడిచే దూరంలో ఫ్రావెన్‌కిర్కె అనే చర్చి. 1945 ఫిబ్రవరిలో పడిన బాంబులకు కూలిపోయింది, నలభై ఏళ్లకు పైగా రాళ్ల గుట్టగానే ఉంచేశారు, తర్వాత మళ్లీ కట్టి 2005లో తెరిచారు. పాత రాళ్లలో పనికొచ్చేవి తిరిగి వాడారు, అందుకే లేత రంగు గోడలో అక్కడక్కడా నల్ల రాళ్లు కనిపిస్తాయి.

డ్రెస్డెన్ స్టేషన్‌లో ఎస్1 రైలెక్కితే ముప్పావు గంటలోపు రాథెన్ అనే చిన్న ఊళ్లో దిగుతారు. స్టేషన్ ఒక ఒడ్డున, కొండలు అవతలి ఒడ్డున, మధ్యలో ఎల్బె నది. దాటడానికి బల్లకట్టు ఉంది. నేను కృష్ణ మీద బల్లకట్టులు చూసినదాన్ని కాబట్టి ఇంజిన్ ఎక్కడుందా అని వెతికాను, లేదు. నది పైభాగంలో ఎక్కడో అడుగున లంగరేసిన పొడవాటి తాడుకు దాన్ని కట్టేస్తారు, నడిపేవాడు బల్లకట్టును కొంచెం ఏటవాలుగా తిప్పుతాడు, ప్రవాహమే దాన్ని అవతలి ఒడ్డుకు తోస్తుంది. మళ్లీ రెండో వైపు తిప్పితే వెనక్కి. డీజిల్ లేదు, చప్పుడు లేదు. మెకానికల్ చదివిన వాడెవడైనా సరే ఓ గంట అక్కడే నిలబడిపోతాడు. అవతల దిగి అడవిలోంచి మెట్లెక్కితే బస్టై వంతెన, 1851లో రాతితో కట్టింది, నదికి 194 మీటర్ల ఎత్తు దాకా లేచిన ఇసుకరాతి స్తంభాల మధ్య. దాని మీద నడవడానికి టికెట్ లేదు. అక్కడ కూర్చుని డబ్బా తెరిచి పులిహోర తింటుంటే పక్కన కూర్చున్న జర్మన్ జంట అదేమిటని అడిగారు, కొంచెం పెడితే తిని చింతపండు గురించి చాలాసేపు మాట్లాడారు.

చదువుకు ఏం పనికొస్తుంది అని ఇంకా అడుగుతారు, తెలుసు. నాది ఎలక్ట్రానిక్స్. డ్రెస్డెన్ చుట్టుపక్కల చిప్ ఫ్యాక్టరీలు చాలా ఉన్నాయి, మాలో సగం మంది ఉద్యోగాశలు వాటి మీదే. సెమీకండక్టర్ సబ్జెక్టులో మొదటి పాఠంలోనే జెర్మేనియం అని వస్తుంది, 1947లో చేసిన మొట్టమొదటి ట్రాన్సిస్టర్ దాంతోనే చేశారు. ఆ మూలకాన్ని కనిపెట్టింది మాకు దగ్గర్లోనే ఉన్న ఫ్రైబెర్గ్‌లో. 1886లో క్లెమెన్స్ వింక్లర్ అనే ప్రొఫెసర్ అక్కడి గనిలో దొరికిన ఖనిజాన్ని పరీక్షిస్తుంటే లెక్క కుదరలేదు, కొంత బరువు ఎటుపోతోందో తేలలేదు, ఆ తేలని భాగమే కొత్త మూలకం. అలాంటిదొకటి ఉండాలని మూలకాల పట్టిక తయారుచేసిన మెండలీవ్ 1871లోనే చెప్పి ఉన్నాడు. ఆ ప్రొఫెసర్ పాఠాలు చెప్పిన గనుల విద్యాలయం 1765లో పెట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. రైషె త్సెషె అనే గనిలోకి సందర్శకులను తీసుకెళ్తారు, హెల్మెట్, బూట్లు, పైన వేసుకునే కోటు వాళ్లే ఇస్తారు, ఇనప బోనులాంటి లిఫ్ట్‌లో 150 మీటర్లు కిందికి దింపుతారు. కింద తడి గోడలు, నీళ్ల బొట్ల చప్పుడు, మనిషి వంగితే గానీ పట్టని సొరంగాలు. ఆ రాయిని చేత్తో ముట్టుకున్నాక పాఠంలోని పేరు మనసులో నిలిచిపోతుంది. ముందే బుక్ చేసుకోవాలి.

ఇక సైఫెన్. నా మాట విని ఒక్క చోటుకే వెళ్తామంటే నేను అక్కడికే వెళ్లమంటాను. ఎర్ట్స్‌గెబిర్గె కొండల్లో, చెక్ సరిహద్దు పక్కన, రైలు దిగి బస్సు పట్టుకుని వెళ్లాల్సిన చిన్న ఊరు. ఒకప్పుడు గనుల్లో పనిచేసిన కుటుంబాలు, గనులు తగ్గిపోయాక చెక్క బొమ్మల మీద పడ్డాయి. ఊరంతా బొమ్మల దుకాణాలే. అక్కడి ఓపెన్ ఎయిర్ మ్యూజియంలో కర్రను గిరగిరా తిప్పుతూ చెక్కే పాత యంత్రం, లేత్, ఒకటి ఉంది, దాని మీద పనివాడు మన ముందే చేసి చూపిస్తాడు. తడిగా ఉన్న చెక్క బిళ్లను తిప్పుతూ ఉలితో గాడులు పెడతాడు, ఒక వైపు పూర్తి చేసి తిరగేసి రెండో వైపు పెడతాడు, చివరికి చక్రం లాంటి ఒక రింగు వస్తుంది. చూస్తే దాంట్లో ఏమీ కనపడదు. తర్వాత దాన్ని కత్తి పెట్టి సుత్తితో కొట్టి చీలుస్తాడు, చీలిక అడ్డుకోతలో చూస్తే గుర్రం! ఒక్కో చీలికా ఒక్కో గుర్రమే. ఒక రింగు నుంచి డజన్ల కొద్దీ జంతువులు వస్తాయి, వాటిని చెక్కి, నున్నగా చేసి, రంగులేస్తారు. పని చేస్తున్నంత సేపూ గుర్రం ఆకారం ఆయనకు కనపడదు, చేతికి తెలిసిన కొలతే. మన ఏటికొప్పాకలోనూ లేత్ మీదే అంకుడు కర్ర తిప్పి లక్క రంగులద్దుతారు, కొండపల్లిలో తెల్ల పొణికి కర్ర చెక్కుతారు. పనితనంలో మన వాళ్లు ఎవరికీ తీసిపోరు. కానీ సైఫెన్ బొమ్మ క్రిస్మస్ వస్తే ఈ ప్రాంతంలో చాలా ఇళ్ల కిటికీల్లో ఉంటుంది, ఆ పని నేర్పే బడి ఉంది, ఆ ఊరికి బస్సు ఉంది, మ్యూజియం ఉంది. మన బొమ్మల పరిస్థితి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇలాంటివి కళ్లారా చూసి వచ్చిన పిల్లల్లో ఏ ఒక్కరైనా రేపు మన ఊళ్లో ఏదో ఒకటి మొదలుపెడతారని నాకు గట్టి నమ్మకం.

లైప్‌జిగ్ గురించి పొట్టిగా చెప్తాను. 1989 అక్టోబర్ 9న అక్కడి నికొలాయ్ చర్చి దగ్గర మొదలై దాదాపు 70 వేల మంది అప్పటి తూర్పు జర్మనీ కమ్యూనిస్టు ప్రభుత్వానికి వ్యతిరేకంగా కొవ్వొత్తులు పట్టుకుని రోడ్ల మీద నడిచారు, కాల్పులు జరగలేదు, నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ పడిపోయింది. ఆ చర్చిలో కూర్చోడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పక్కనే థామస్ చర్చి, 1723 నుంచి చనిపోయేదాకా బాఖ్ అనే గొప్ప జర్మన్ సంగీతకారుడు అక్కడే సంగీతం నేర్పాడు, సమాధి కూడా అక్కడే. బడి సెలవులు కాకపోతే శుక్రవారం సాయంత్రం ఆరింటికి ఆ చర్చి పిల్లల గాయక బృందం పాడుతుంది, టికెట్ చాలా తక్కువ. నాకు పాశ్చాత్య సంగీతం ఏమీ తెలియదు, అయినా కదలకుండా విన్నాను.

తిరగడం అంటే ఊళ్లు చూడటమే కాదు. ఇక్కడ దాదాపు ప్రతి యూనివర్సిటీలో విద్యార్థులకు ఆటల కోర్సులు ఉంటాయి, సెమిస్టర్ మొత్తానికి తీసుకునే ఫీజు చాలా తక్కువ. గోడలెక్కడం, పడవ తోలడం, ఫెన్సింగ్, ఈత, డాన్స్, ఏది కావాలంటే అది. మా ఊళ్లో కాలవలో ఈత మగపిల్లలకే, మేం గట్టు మీద బట్టలకు కాపలా. ఇక్కడ పెద్దవాళ్లకు కూడా అ ఆల నుంచి నేర్పే క్లాసు ఉంటే చేరాను. నాతో పాటు అరవై దాటిన ఆవిడ ఒకరు నేర్చుకుంటున్నారు, సిగ్గన్నదే లేదు. ఇప్పుడు నేను లోతు నీళ్లలో తేలగలను. ఈ సంగతి అమ్మానాన్నలు కొంచెం ఆలోచించాలి, ఎందుకంటే విదేశాల్లో మన పిల్లలు నీళ్లలో పడి పోయారన్న వార్త మీ పత్రికలోనే మళ్లీ మళ్లీ చదువుతున్నాం. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లో టమ్మెల్ జలపాతం దగ్గర ఇద్దరు తెలుగు విద్యార్థులు చనిపోయారు. అలాంటి వార్త రాగానే ప్రతి ఇంటి నుంచీ ఫోన్ వస్తుంది, "ఎక్కడికీ వెళ్లొద్దు" అని. నేనైతే "ముందు ఈత నేర్చుకో, లైఫ్‌గార్డ్ లేని చోట దిగకు, తడి రాయి మీద నిలబడి ఫోటో దిగకు, ఎండగా ఉన్నా ఇక్కడి నదుల్లో నీళ్లు మంచులా ఉంటాయి, కాళ్లూ చేతులూ బిగుసుకుపోతాయి" అని చెప్పమంటాను. వెళ్లొద్దంటే వాళ్లు చెప్పకుండా వెళ్తారు, ఈ మాటలు చెప్పేవాళ్లు లేకుండా వెళ్తారు.

భాష సంగతి కూడా ఇలాంటిదే. క్యాంపస్‌లో ఇంగ్లిష్‌తో నడిచిపోతుంది, గదిలో తెలుగు. జర్మన్ భాషలో రెండో మెట్టు అయిన ఏ2 సర్టిఫికెట్ ఉన్నా బేకరీలో నోరు పెగలదు. చిన్న ఊళ్లకు వెళ్తే వేరే దారి ఉండదు, తూర్పు జర్మనీలో పెద్దవాళ్లు బళ్లో నేర్చుకున్నది రష్యన్, ఇంగ్లిష్ అంతగా రాదు. రైలు ఎందుకు ఆగిందో, తర్వాతి బస్సు ఎప్పుడో అడిగి తెలుసుకోవాల్సిందే. రైళ్లు ఇక్కడ తరచుగా ఆలస్యమవుతాయి కాబట్టి మాట్లాడే అవకాశాలకు లోటు లేదు. ఒకసారి నా పక్క సీటు పెద్దావిడ, గోడ పడిన ఏడు తనకు ఇరవై ఏళ్లని, మొదటిసారి పశ్చిమ జర్మనీకి వెళ్లి, తమ వైపు అరుదుగా దొరికే అరటిపళ్ల కొట్టు ముందు అలా నిలబడిపోయానని చెప్పారు. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పారు. భాషా క్లాసులో నాకు అంత సేపు ఎవరూ ఓపిగ్గా చెప్పలేదు.

"ఆడపిల్లవి ఒక్కదానివే ఏంటి" అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. భయం ఉత్తినే పుట్టదు. విదేశీయులను చూసి మొహం చిట్లించే వాళ్లు ఇక్కడ లేరని నేను చెప్పను, అరుదుగా మాటలు అనేవాళ్లూ తగిలారు. అందుకని నాకంటూ కొన్ని పద్ధతులు పెట్టుకున్నాను: చీకటి పడకముందే పెద్ద స్టేషన్‌కు చేరతాను, ఆఖరి రైలు నమ్ముకోను, వెళ్లే చోటు ఇద్దరు ఫ్రెండ్స్‌కు లొకేషన్ పెడతాను, ఇంట్లోనూ చెప్తాను. పోలీసులకు 110, అంబులెన్స్‌కు 112. పోలండ్, చెక్ సరిహద్దులు దగ్గరే కాబట్టి పాస్‌పోర్ట్, రెసిడెన్స్ కార్డు దగ్గరుంచుకుంటాను. గ్యోర్లిట్స్ అనే ఊళ్లో నది మీద వంతెన నడిచి దాటితే పోలండ్, జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉన్న వాళ్లు 180 రోజుల్లో 90 రోజుల దాకా మిగతా షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసా చెల్లే యూరప్ దేశాల్లో, తిరగొచ్చు, కానీ ఈ మధ్య సరిహద్దుల్లో తనిఖీలు చేస్తున్నారు, కాగితాలు అడుగుతారు. ఇన్ని చూసుకుని వెళ్లడం నేర్చుకోవడమే ఒక చదువు, అది నాకు హాస్టల్‌లో ఎవరూ నేర్పలేదు.

పార్ట్‌టైమ్ చేసే వాళ్ల గురించి రాయకపోతే అన్యాయం. విద్యార్థులు ఏడాదికి 140 పూర్తి రోజులు, లేదంటే 280 అరపూట రోజులు పని చేసుకోవచ్చు. శనివారం రాత్రి గోడౌన్‌లో డబ్బాలు మోసి ఆదివారం మధ్యాహ్నం దాకా పడుకునే పిల్లలున్నారు, అప్పు కిస్తీలో కొంత వాళ్లే కడుతున్నారు. వాళ్లను కొండలెక్కమని చెప్పే హక్కు నాకు లేదు. అయినా నెలకో ఆదివారం మిగిలితే అది నిద్రకే ఇవ్వకుండా అందులో సగం బయట గడపమని మాత్రం బతిమాలతాను, ఎందుకంటే చలికాలం నాలుగింటికే చీకటి పడిపోయే ఈ దేశంలో గదిలో ఒంటరిగా కూర్చుని దిగులులో మునిగిపోయిన వాళ్లను కూడా చూశాను. అది ఫోన్‌లో అమ్మకు కనపడదు, "బాగానే ఉన్నానమ్మా" అనే వినపడుతుంది.

అప్పు చేసి మరీ ఐదు రోజుల్లో ఆరు దేశాలు చుట్టి రీల్స్ పెట్టే పద్ధతి మాత్రం నాకు నచ్చదు. క్రెడిట్ కార్డు మీద విమానం టికెట్లు కొని, పరీక్ష ముందు వారం ఊళ్లో లేకుండా పోవడం గురించి నేను మాట్లాడట్లేదు. పరీక్షల నెల వస్తే నేనూ లైబ్రరీలోనే ఉంటాను. నేను చెప్పేది కట్టేసిన టికెట్‌తో, ఇంటి తిండితో, ఒక్క రోజులో వెళ్లి రాగల ఊళ్ల గురించి.

ఎడిటర్ గారూ, మీకు నా విన్నపం ఇది. విదేశీ విద్య పేజీలో వారానికి ఓ పావు పేజీ ఈ విషయానికి ఇవ్వండి. జర్మనీ ఒక్కటే కాదు, ఐర్లాండ్‌లో, ఆస్ట్రేలియాలో, అమెరికాలో, కొరియాలో చదివే మన పిల్లలు తామున్న చోటు నుంచి ఒక్క రోజులో ఏం చూడొచ్చో, ఎంత ఖర్చవుతుందో, ఏ జాగ్రత్త తీసుకోవాలో వాళ్ల మాటల్లోనే రాస్తారు. కన్సల్టెన్సీ వాళ్లు అడ్మిషన్‌తో పాటు ఇవి చెప్పరు, వాళ్లకు దాంట్లో కమీషన్ రాదు. అమ్మానాన్నలు ఇంటికొచ్చే పేపర్‌లో చదివితే నమ్ముతారు, మేం ఫోన్‌లో చెప్తే సాకు అనుకుంటారు. చదివిన తల్లిదండ్రులు ఆదివారం ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, చదివావా" తర్వాత "ఇవాళ ఎక్కడికైనా వెళ్లొచ్చావా" అని ఒక్క మాట అడిగితే చాలు, పిల్లలు దాపరికం లేకుండా చెప్తారు.

అక్టోబర్‌లో శీతాకాలం సెమిస్టర్ మొదలవుతుంది, కొత్త బ్యాచ్ వస్తుంది. ఆ లోపు ఇలాంటి శీర్షిక మొదలుపెడితే మొదటి నాలుగైదు వారాలకు కావలసిన ఉత్తరాలు, ఫోటోలు ఇక్కడి విద్యార్థుల దగ్గర అడిగి నేను పంపిస్తాను. సైఫెన్ గురించి వివరంగా రాయమన్నా రాస్తాను, బస్సు నంబర్లతో సహా.

ఇట్లు,
పల్నాడు జిల్లా పాఠకురాలు,
ప్రస్తుతం సాక్సనీ, జర్మనీ